నీళ్లడిగితే నీలం చొక్కా

అన్నా,

ఈసారి వందనాలు రాయడం లేదు. తమ్ముడు ఎలీషా వడదెబ్బ తగిలి చంద్రపూర్ సర్కారు దవాఖానలో ఉన్నాడు. ప్రాణభయం లేదన్నారు.

నీ క్వార్టర్‌లో చోటు లేదని నువ్వు చేర్చిన షెల్టర్‌కు వెళ్లి అడిగాను. పారిపోతాడని గదికి గొళ్లెం పెట్టేవారట. మతి కోసం వేసే మందులకు వాడి నోరు ఊరికే ఎండిపోతుంది కదా. మేనేజర్ మరాఠీ మనిషి, చెడ్డవాడేం కాదు. "పొద్దంతా నీళ్లు, నీళ్లు అనేవాడమ్మా. మా భాషలో నిళా అంటే నీలం రంగు. ఇష్టమేమోనని నీలం చొక్కా కొనిచ్చాం," అన్నాడు. మతి చెదిరినప్పటి నుంచి వాడికి హిందీ, మరాఠీ పోయి అమ్మ మాటలే మిగిలాయని ఆయనకెలా తెలుస్తుంది?

అర్థమేమిటని నీకు ఫోన్ చేశాడట. "పిచ్చోని మాటలకు అర్థముంటదా సాబ్? ఇడిసిపెట్టుండ్రి," అన్నావట.

నన్ను చూడగానే తమ్ముడేమన్నాడో తెలుసా? "అక్కా, దూపైతుంది. గీళ్లకు నీళ్లంటే తెల్వదు. అన్నను అడుగుమను, అన్న జెప్తడు."

వాణ్ణి గడ్‌చాందూర్‌లో నా దగ్గరే ఉంచుకుంటాను. నువ్వు రానక్కర్లేదు. ఆ చొక్కా నీకు పంపుతున్నాను. దూపైనప్పుడు తొడుక్కో.

చెల్లె