చప్పుళ్లు తీసేసే బటన్

చిట్టీ,

క్షేమసమాచారాలు అడిగే ఓపిక ఇవాళ నాకు లేదు. నువ్వు బాగానే ఉన్నావని నీ లైవ్ వీడియోల్లో చూశాను. ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను కరిగిపోతాను. అందుకే కాగితం ముందేసుకున్నాను.

నిన్న పన్ను పీకించుకోవడానికి వెళ్లాను. అక్కడ చీటీలు రాసే అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "శనివారం లైవ్‌లో పాడే ఆవిడ వెనకాల కూర్చునేది మీరే కదండీ?" అంది. పంటినొప్పి మర్చిపోయి పొంగిపోయాను. "అవునమ్మా, ఆవిడ మా చెల్లెలే" అన్నాను. అప్పుడా పిల్ల ఎంతో మర్యాదగా అడిగింది: "ఆ వయొలిన్ అలంకారానికా అండీ? చెయ్యి ఆడిస్తుంటారు గానీ ఏం వినపడదు."

ఆ పిల్ల ఫోనే అడిగి తీసుకుని పోయిన శనివారం పాటంతా విన్నాను. నీ గొంతు కడిగిన గాజుగ్లాసులా ఉంది. వెనకాల నేను చెమటలు కక్కుతూ కమాను లాగుతున్నాను. ఒక్క స్వరం లేదు. పల్లవి అయ్యాక నువ్వు నాకు వదిలిపెట్టే రెండు నిమిషాలూ, నేను వారమంతా సాధన చేసుకొచ్చే ఆ రెండు నిమిషాలూ, శుద్ధ నిశ్శబ్దం. నువ్వేమో కళ్లు మూసుకుని తల ఊపుతున్నావు. కింద ఎవరో రాశారు, "మేడమ్ గారి మౌనం కూడా ఎంత బాగుందో" అని. ఆ మౌనానికి డబ్బు పెట్టి కొన్న గులాబీ బొమ్మలు పాతిక పంపారు.

ఒళ్లు మండిపోయింది చిట్టీ. పాతవి కూడా విన్నాను. ఆరు నెలలుగా ఇదే తంతు. "వయొలిన్ వినపడదేంటి?" అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఫోన్ నీ ముందుంటుంది, కామెంట్లు చదివేది నువ్వు. నాకు చదివి వినిపించినవన్నీ "అక్కగారు అద్భుతం" అనేవే. అవి ఎవరు రాశారు? కళ్లు నొప్పి పుట్టేలా వెతికాను, ఒక్కటీ కనపడలేదు. డాక్టరు రెండుసార్లు పిలిచినా లేవలేదు. చివరికి పన్ను పీకించుకోకుండానే వచ్చేశాను.

శనివారం కూడా ఇంటిపట్టున ఉండవా అని మీ బావ సణిగితే, నా కోసం వేలమంది కాచుకుని ఉంటారని గొప్పలు పోయాను. రెండు బస్సులు మారి వచ్చాను. గులాబీల డబ్బులో సగం నువ్వు చేతిలో పెడితే కష్టార్జితం అనుకుని తలెత్తుకుని తీసుకున్నాను. అది దయాధర్మమని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆనాడే పెట్టె సర్దుకునేదాన్ని. ఇక రాను. వచ్చే శనివారం నా కుర్చీలో పూలకుండీ పెట్టుకో. అది కూడా చప్పుడు చెయ్యదు.

ఇన్నాళ్లూ నీ అలంకారం,
అక్క

*

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఏడవలేదు. నాకూ కోపం వచ్చింది, అది కూడా చదువు.

మొదట్లో పక్కవాటావాళ్ల వాషింగ్ మెషీన్ మోత వినపడుతోందని రభస చేసింది ఎవరు? "ఆ మోత ఆపితేగానీ కమాను ముట్టను" అన్నది నువ్వు. యాప్‌లో చప్పుళ్లు తీసేసే బటన్ ఒకటి ఉంటే నొక్కాను. దాని దృష్టిలో మనిషి గొంతొక్కటే పాట, మిగతాదంతా చప్పుడు. మెషీన్‌తో పాటు నిన్నూ తీసేసింది. గదిలో నాకు నువ్వు వినపడుతూనే ఉన్నావు, నాకెలా తెలుస్తుంది?

మూడో వారానికి తెలిసింది. అక్కడిదాకా తప్పు యాప్‌ది, ఆ తర్వాతది నాది. బటన్ తీసేద్దామని వేలు పెట్టి కూడా నొక్కలేదు.

చిన్నప్పట్నుంచి నేనెక్కడ పాడినా ఒకటే మాట, "అక్క వయొలిన్ లేకపోతే ఈ పిల్ల తేలిపోతుంది" అని. నాన్న కూడా అన్నాడు, నా ఎదురుగానే. పై స్థాయిలో నా శ్రుతి వెంట్రుకవాసి జారేలోపే నువ్వక్కడ ఉండి పైకి లాగేస్తావు. జనం చప్పట్లు కొడతారు, నువ్వు నా వైపు చూసి నవ్వుతావు. ఆ నవ్వు నాకెంత మంటగా ఉండేదో ఎప్పుడైనా అడిగావా? జీవితంలో మొదటిసారి నా గొంతొక్కటే బయటికి వెళ్లింది. జనం పారిపోలేదు, ఇంకా పెరిగారు. కానీ నువ్వు గదిలో లేకపోతే నాకు నోరు పెగలదు. అందుకే నిన్ను రప్పించుకున్నాను, వినపడకుండా ఉంచాను. ఆ కామెంట్లు నేను కల్పించినవే. దొంగపనే. క్షమించమనడానికి ముఖం చెల్లడం లేదు. కానీ నేనెంతో తెలుసుకోవాలనుకోవడం మాత్రం తప్పని ఒప్పుకోను.

కుర్చీ ఖాళీగానే ఉంచుతాను.

చిట్టి

*

చిట్టీ,

కోపం తగ్గలేదు. ఆ దొంగ కామెంట్లను మర్చిపోవడానికి ఇంకో ఏడాది పడుతుంది.

పాతవి కూడా విన్నానని రాశాను గానీ, ఎందుకు విన్నానో రాయలేదు. చరణంలో నువ్వు జారే చోటు కోసం వెతికాను. నేను లేకపోతే నువ్వు పడిపోతావు కదా, ఆ పడిపోవడం వినాలనిపించింది. వరసగా ఏడు శనివారాల పాటలు విన్నాను. జారావు. ఏడుసార్లూ నీ అంతట నువ్వే పైకొచ్చావు. డాక్టరు పిలిచినా లేవలేకపోయింది అందుకే. నా కోపంలో సగం ఆ సంగతి మీదే, నీ మీద కాదు.

శనివారం వస్తున్నాను. బటన్ తీసెయ్. వాషింగ్ మెషీన్ ఎంత మోగితే అంత మోగనీ. ఆ చోటు వచ్చినప్పుడు తీగల మీంచి కమాను ఎత్తి పట్టుకుంటాను, నిన్ను లాగను. నా రెండు నిమిషాలు మాత్రం నాకివ్వాలి, అప్పుడు కళ్లు మూసుకోకు. రేపు పన్ను పీకించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ పిల్లకి కూడా వినమని చెబుతాను. కామెంట్లు ఉన్నవి ఉన్నట్టు చదువు, నన్ను తిట్టినా సరే.

అక్క