మలేరియాలో నువ్వొచ్చావట

రత్నం,

ఎలా ఉన్నావు? నేను బాగానే ఉన్నాను. నువ్వు వెళ్ళి మొన్న మాఘమాసానికి ఏడాది నిండింది.

బాగానే ఉన్నానని ధీమాగా రాస్తున్నాను గానీ, కార్తీకంలో నీ దగ్గరికి దాదాపు వచ్చేశాను. గుమ్మం దాకా వచ్చినవాణ్ణి నువ్వే వెనక్కి పంపావని మీ మంగక్క నిడదవోలంతా చెబుతోంది. నిజమేనా? నిన్నే అడుగుదామని ఈ ఉత్తరం.

జరిగింది విను. కోప్పడకు... కోప్పడినా నాకు వినిపించదు గదా అనే ధైర్యంతోనే రాస్తున్నాను.

కార్తీకమాసంలో మా రైల్వే రిటైర్డు బృందం ఒక వ్యాను మాట్లాడింది. ఇంట్లో ద్రాక్షారామం అని చెప్పాను. వ్యాను మారేడుమిల్లి అడవుల్లోకి వెళ్ళింది. దారి తప్పి కాదు... బొంగులో చికెన్ కోసం. ఆ రాత్రి అందరం అక్కడే ఒక పాకలో పడుకున్నాం.

నువ్వున్నప్పుడు నేను ఏ ఊరు వెళ్ళినా నా సంచిలో ముందు దోమతెర పెట్టేదానివి. "బట్టలు లేకపోయినా ఎలాగోలా వస్తారు, తెర లేకుండా మాత్రం గడప దాటనివ్వను" అనేదానివి. ఈసారి సంచి నేనే సర్దుకున్నాను. బట్టలున్నాయి.

వచ్చేటప్పుడు దారిలో ఒక కొట్లో విభూతి పొట్లం కొన్నాను. కార్తీక దీపాలు పెట్టడానికి మనింట్లో మకాం వేసిన మీ మంగక్కకి, భీమేశ్వరుడి ప్రసాదం వదినా అని ఇచ్చాను. ఆవిడ కళ్ళకద్దుకుని నుదుటిన పెట్టుకుంది. నేను కాళ్ళు కడుక్కునే నెపంతో పెరట్లోకి జారుకున్నాను.

రెండు వారాలు పోయాక చలి పట్టుకుంది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా మంచం గడగడలాడింది. తర్వాత ఒళ్ళు కాలిపోయేది. ఆ తర్వాత చెమటలు పట్టి జ్వరం దిగిపోయేది. దిగినప్పుడల్లా తగ్గిపోయిందనుకుని పెసరట్టు అడిగేవాణ్ణి. అట్టు వచ్చేలోపు మళ్ళీ చలి.

వీధి చివర క్లినిక్కులో వైరల్ ఫీవర్ అన్నారు. ప్లేట్‌లెట్లు తగ్గాయని తెలియగానే మన కిషోర్ ఇది డెంగ్యూయే అని తేల్చి బొప్పాయి ఆకు రసం పట్టించాడు. కళ్ళు పచ్చబడగానే మీ మంగక్క పచ్చకామెర్లని తేల్చి పసరు మందు తెప్పించింది. పొద్దున పసరు, సాయంత్రం ఆకురసం... మేకకి కూడా అంత ఆకు పెట్టరు రత్నం. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తోందర్రా అంటే, ఇంకాసిని నీళ్ళు తాగండి అన్నారు. నా మాట మనింట్లో ఎప్పుడు చెల్లింది గనక?

మరి మారేడుమిల్లి సంగతి చెప్పొచ్చుగా అంటావు. ఎలా చెప్పను? ఎదురుగా మీ మంగక్క. ఆవిడ నుదుటిన నేనిచ్చిన విభూతి. అదీగాక ఎప్పుడో కుట్టిన దోమ ఇప్పుడు జ్వరం తెస్తుందని నాకేం తెలుసు?

ఆ తర్వాత నాకేమీ గుర్తు లేదు. ఇక్కణ్ణించి వాళ్ళు చెప్పిందే.

ఒక పొద్దున మంచం మీద లేచి కూర్చున్నానట. నువ్వు కొంగు దోపుకున్నట్టే లుంగీ అంచు బొడ్లో దోపుకుని, కిషోర్ వైపు తిరిగి "ఒరేయ్ కిషోరూ, గుమ్మానికి అడ్డంగా ఈ చెప్పులు ఎవర్రా విడిచింది?" అన్నానట. అచ్చం నీ గొంతు!

మీ మంగక్క చేతిలోని పసరు గిన్నె జారిపోయింది. రత్నం వచ్చిందర్రోయ్ అని కేక పెట్టింది. సాంబ్రాణి వేశారు, నాకు బొట్టు పెట్టారు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టారట. రైల్వేలో అన్నేళ్ళు పనిచేస్తే ఒక్కడూ పెట్టలేదు.

అప్పుడు మీ మంగక్క, ఈయనకి ఏమైందో నువ్వే చెప్పు తల్లీ అని అడిగింది. నువ్వు... అంటే నేను... సరే, ఎవరో ఒకరు అందుకున్నారట. "ఏమవుతుంది? ద్రాక్షారామం అని చెప్పి మారేడుమిల్లి వెళ్ళారు. కార్తీకమాసంలో కోడి తిన్నారు. తెర లేకుండా పడుకున్నారు. మీ ఆకులు ఆపి ముందు రక్తం చూపించండి!"

నేను చెబితే నీళ్ళు తాగమన్నవాళ్ళు, నువ్వు చెప్పగానే కారు తెచ్చారు.

కొవ్వూరు వంతెన ఎక్కగానే "చిల్లర ఏదక్కా? గోదారొచ్చింది" అని చెయ్యి చాపానట. మీ మంగక్క ఏడుస్తూ రూపాయి బిళ్ళ పెట్టింది. అద్దం దించకుండానే విసిరాను. అది తిరిగొచ్చి కిషోర్ చెవికి తగిలింది.

రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. ఈమధ్య ఈయన ఏ ఊరైనా వెళ్ళారా అని అడిగింది. మారేడుమిల్లి వెళ్ళారట, మా అమ్మ చెప్పిందండీ అన్నాడు కిషోర్. అయితే అమ్మగారిని ఒకసారి లోపలికి పిలవండి అందావిడ.

రక్తం చూడగానే తేలిపోయింది. మలేరియా, అందులోనూ ప్రాణం మీదికి తెచ్చే రకం. ఐసీయూలో పడేసి నరంలోకి ఇంజెక్షన్లు ఇచ్చారు. సుగర్ పడిపోయిందని గ్లూకోజు, రక్తం తగ్గిందని రక్తం ఎక్కించారు. నా పక్క మంచం మీద ఏజెన్సీ అడవుల్లో పనికెళ్ళి వచ్చిన తాపీ మేస్త్రీకి ఇదే మలేరియా కిడ్నీల మీద పడింది. అవతలి మంచం ఆయనకి ఊపిరితిత్తుల మీద. నాకు మెదడు మీద. అంత చోటు లేదనుకున్నాను గానీ, దానికి దొరికింది.

ఒకరోజు అవతలి మంచం ఖాళీగా కనిపించింది. ఆయన ఏమయ్యాడని నేను అడగలేదు... నాకు భయమేసింది రత్నం.

తెలివొచ్చాక డాక్టరమ్మని అడిగాను. ఆ క్రిములు పట్టిన రక్తకణాలు మెదడులో సన్న నాళాలకి అతుక్కుపోతాయట. సుగర్ కూడా పడిపోతే మనిషి ఏవేవో మాట్లాడతాడట. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదండీ అంది. ఒప్పుకున్నాను. మారేడుమిల్లి సంగతి నాకు తెలుసు గనక నేనే వాగి ఉంటాను. కానీ రక్తం చూపించాలని నాకెలా తోచింది? అన్నాళ్ళూ పెసరట్టు తప్ప ఏమీ తోచని బుర్ర గదా నాది?

ఇంకో మాట మీ మంగక్క మొన్నటిదాకా దాచింది. వంతెన మధ్యలో ఆవిడ ఉండబట్టలేక, ఈయన్ని తీసుకుపోవడానికే వచ్చావా తల్లీ అని అడిగిందట. నువ్వన్నావట... "అబ్బే, ఇప్పుడే వద్దక్కా. ఇన్నేళ్ళు చేశాను, నన్ను కొన్నాళ్ళు ఊపిరి తీసుకోనివ్వండి."

విని పడీపడీ నవ్వాను. తర్వాత గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఆ మాట మలేరియాదైతే గొడవ లేదు. నీదే అయితే... నొచ్చుకోలేదులే. తీసుకో. తీరిగ్గా తీసుకో.

మీ మంగక్క కోడిని క్షమించింది గానీ విభూతిని క్షమించలేదు. ఆ పొట్లం రోజూ నా కంచం పక్కన పెడుతోంది. వచ్చే కార్తీకానికి నిజం ద్రాక్షారామం తీసుకెళ్తానని ఒట్టేశాను.

నీకూ ఒక మాట ఇవ్వాలి. నువ్వు వెళ్ళినప్పటినుంచి మన మంచానికి దోమతెర మూడు వైపులే దోపుతున్నాను. వంటిల్లు సర్దుకుని చివర వచ్చేదానివి గదా, నీ వైపు దోపడానికి చెయ్యి రాలేదు. ఆ సందులోంచి దోమలు వస్తున్నాయని తెలుసు. డాక్టరమ్మకి మాత్రం తెర బాగానే కట్టుకుంటున్నానని చెప్పాను.

నిన్న నీ వైపు కూడా దోపేశాను. ఇక రోజూ దోపుతాను.

నీ విశ్రాంతి అయ్యాక ఎప్పుడైనా వస్తే, తెర దోపి ఉందని వెనక్కి వెళ్ళిపోకు. గుమ్మంలో చెప్పులు ఎవరు విడిచారని ఒక్క కేక వెయ్యి. లేస్తాను.

నీ
ఏవండీ