తొమ్మిది మంది భక్తురాళ్ల లోడ్ టెస్ట్

చి. బిందుకి,

నువ్వు తయారుచేసిన వినాయక విగ్రహాల సైట్ ఒకేసారి మూడు వందల మందిని తట్టుకుందన్నావు. తట్టుకోలేదు. ఫోన్‌లో చెబితే మధ్యలో అడ్డొస్తావని రాస్తున్నాను.

నీ లోడ్ టెస్ట్‌కి వచ్చిన మూడు వందల మందీ కంప్యూటర్ పుట్టించిన బుద్ధిమంతులు. ఒక్క విగ్రహం చూసి, కొనేసి, వెళ్లిపోయారు. అలాంటి మనిషిని శాలిబండలో నేనింతవరకు చూడలేదు.

నిన్న మా భజన బృందం తొమ్మిది మందినీ నుజహత్ నెట్ సెంటర్‌లో కూర్చోబెట్టి, సైట్ మీద ఎంత భారం పడుతోందో చూస్తూ ఉండమని నువ్వు చెప్పిన గ్రాఫ్ ముందు నేను కూర్చున్నాను. ఒక్కొక్కరూ నలభై విగ్రహాలూ ఒకేసారి తెరిచి, తొండం ఎడమకుందా కుడికుందా అని పోల్చడం మొదలుపెట్టారు. గీత నిట్టనిలువుగా లేచింది, సైట్ పడిపోయింది.

"ఏందమ్మా గీ లొల్లి? నెట్ మంచిగనే ఉంది, మీ దేవుడే వస్తలేడు," అంది నుజహత్.

పాపం, ఆ విగ్రహాలు చేసే ధూల్‌పేట్ కిషన్‌లాల్ ఈ ఏటి అమ్మకమంతా నీ సైట్‌నే నమ్ముకున్నాడు. శుక్రవారం సైట్ అమ్మకానికి తెరిచేలోగా ఫొటోలు చిన్నవి చెయ్యి, తొండం ఎటుందో పక్కనే రాయి. మళ్లీ పరీక్షకు మేం సిద్ధం.

అన్నట్టు, మా బృందంలో అమ్మాజీకి పదిహేడో నంబరు విగ్రహం నచ్చింది. కానీ బొమ్మ తొండం దాకా రాకముందే సైట్ పడిపోయింది. రేపు ధూల్‌పేట్ వెళ్లి చూడు. ఎడమకుంటేనే ఆమె పేరున పక్కన పెట్టించు.

అమ్మమ్మ