తలుపు సందులో చెయ్యి

చిట్టమూరు దగ్గర పాలెం నుంచి,
శనివారం ఉదయం.

అమ్మా డెబోరా,

చిన్నబిడ్డల్ని నా దగ్గరికి రానివ్వండి అన్న ప్రభువు, వాళ్ళకు కథ ఎవరు చెప్పాలో కూడా ఎక్కడైనా చెప్పాడా? బైబిలు తెరిచి నాకు చూపించగలవా? పదిరోజులుగా వెతుకుతున్నాను. దొరకలేదు.

ప్రశ్నతో మొదలుపెట్టానని కోప్పడకు. నీకు నాన్న ఆశీస్సులు. ఆయన కృపలో నేనూ మీ అమ్మా బాగున్నాం, హాస్టల్లో నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతున్నాను. అమ్మ మోకాలి నొప్పి సంగతి అడిగావు. నువ్వు పంపిన నూనె రాస్తోంది. తగ్గిందని ఒప్పుకోదు గానీ, ప్రార్థనలో మళ్ళీ మోకరిస్తోంది. ఫోనులో అయితే నా మాట ప్రసంగమైపోతుందని, అందుకే రాయమని అన్నావు. రాస్తున్నాను.

పిల్లల కథల కార్యక్రమం ఎలా సాగుతోందని అడిగావు. మొదటి ఆదివారం పంతొమ్మిది మంది వచ్చారు. పెద్దవాళ్ళకు చెప్పినట్టే అధ్యాయం, వచనం చెప్పి, గొంతెత్తి ‘ఆమేన్’ అనమన్నాను. ముగ్గురు అన్నారు. ఒకడు నిద్రపోయాడు. రెండోవారం పదకొండు మంది. మూడోవారం నోవహు ఓడ ఎత్తుకున్నాను. దేవుడే ఓడ తలుపు మూశాడని చెప్పగానే చిట్టి లేచి నిలబడింది.

"బయటున్న బిడ్డలు ఏమైనారు తాతా?"

మునిగిపోయారన్నాను. ఆదికాండం ఏడో అధ్యాయం చెప్పేది అదే కదా. పిల్ల భోరుమంది. దాన్ని చూసి మిగతావాళ్ళూ అందుకున్నారు.

చిట్టి వాళ్ళ అవ్వ మాలకొండమ్మ నీకు తెలుసు, చేపల గంప ఆమె. మన సంఘం మనిషి కాదు, వాళ్ళు గంగమ్మను కొలుస్తారు. మనవరాలి కోసం గుమ్మం దగ్గర కూర్చున్నదల్లా లోపలికొచ్చి పిల్లను ఒళ్ళో వేసుకుంది.

"ఏడవబాకండి. కథ ఇంకా ఉండాది. ఊ కొట్టండి, చెప్తా."

"ఊ."

"తలుపు మూసుకునేటప్పుడు ఆ ముసిలాయన పెళ్ళాం సందులో చెయ్యి పెట్టినాది. నలిగినా తియ్యలా. ఆ సందులోనించి ఒక్కో బిడ్డనే లోపలికి లాగినాది."

"ఊ. ముసిలాయన ఏమన్నాడు అవ్వా?"

"ఏమంటాడు? ఇంతమందికి కూడు చాలదే అని గొణిగినాడు. నువ్వు పోయి ఏనుగు కింద ఊడ్చుపో అనింది."

పిల్లలు పడీపడీ నవ్వారు. దాచడమెందుకు, నేనూ నవ్వాను. పై ఆదివారం ముప్పైనాలుగు మంది వచ్చి, ఆమె చుట్టూ కూర్చున్నారు.

సంఘపెద్ద గంగాధరం నన్ను పక్కకు పిలిచాడు. "లేఖనంలో లేని చెయ్యి ఎక్కడినించి వచ్చినాది జయరామయ్యా? రేపు ఇంకేం కలుపుతుందో" అన్నాడు. ఈ మాటలకు ఏదైనా కలిపినవాడికి తెగుళ్ళు కలుపుతానన్న ప్రకటన గ్రంథం గుర్తొచ్చింది. ఒడ్డుకు వెళ్ళి, ఇక కథ చెప్పడానికి రావద్దని, ఆ చెయ్యి వాక్యంలో లేదని మాలకొండమ్మతో చెప్పాను. ఆమె చేపలు ఏరుతూనే ఉంది, తల ఎత్తలేదు.

"తుఫాను రోజు జనమంతా బళ్ళో చేరి తలుపులేసేటప్పుడు నేను చూసినాను సామీ. ఎవురో ఒకరు చెయ్యి పెడతారు. సరేలే. నీ ఓడ, నీ తలుపు."

పోయిన ఆదివారం ఇద్దరే వచ్చారు. ఇద్దరూ గంగాధరం మనవళ్ళే.

అప్పటినుంచి నా తల నా స్వాధీనంలో లేదమ్మా. మన గుంపులో లేనివాణ్ణి ఆపవద్దని మార్కు తొమ్మిదిలో ప్రభువే అన్నాడు. కలపవద్దనీ ఆయన గ్రంథమే అంటోంది. ఒక పేజీ తిప్పితే ఆమెను పిలవాలనిపిస్తుంది, ఇంకో పేజీ తిప్పితే భయమేస్తుంది. పన్నెండేళ్ళుగా మైకు పట్టుకుని ఊరందరికీ దారి చెప్పినవాణ్ణి, ఒక చేపలామె మాటకు బదులు కోసం బైబిలు తిరగేస్తున్నాను.

నీ ఉత్తరంలో ఇంకో ప్రశ్న ఉంది. ఇంతదాకా తప్పించుకున్నాను. మన ఇంట్లో అవ్వ కథలు చెప్పడం ఎందుకు మానేసింది, తను నాతో ఎందుకు మాట్లాడదు, నేనేమైనా తప్పు చేశానా అని అడిగావు.

నువ్వేమీ చెయ్యలేదు తల్లీ. నీకు ఏడేళ్ళప్పుడు అవ్వ వరికోతలకని కొడవలూరు, పెదనాన్న ఇంటికి పోయిందని చెప్పాను. అబద్ధం చెప్పాను. నేను అప్పుడే ప్రసంగాలు మొదలుపెట్టాను, ఆ వేడిలో ఉన్నాను. దయ్యాలు, గంగమ్మ, మాట్లాడే కొంగలు, అవన్నీ నీ చెవిన వేస్తోందని, "ఈ ఇంట్లో ఇంకో కథ చెప్తే నీకు కూడు లేదు" అన్నాను. కన్నతల్లితో అన్నాను. ఆమె లేచింది. గుడ్డలు మూట కట్టుకుని, "బాగా ఊ కొట్టే పిల్ల, జాగర్త" అని వెళ్ళిపోయింది. నీతో మాట్లాడొద్దన్నదీ నేనే. ఆ రోజు తలుపు మూసింది దేవుడు కాదు.

రేపు ఆదివారం. గంగాధరానికి ఏ వచనం చూపించాలో నాకు ఇప్పటికీ తెలియదు. అయినా ఈ ఉత్తరం పోస్టులో వేసి అటే మాలకొండమ్మ ఇంటికి వెళ్తున్నాను. రమ్మంటే వస్తుందో, రాదో.

కొడవలూరుకు నేను ఫోను చేస్తే మా అమ్మ ఎత్తదు. నీ గొంతుకు ఎత్తుతుంది. ఆసుపత్రి డ్యూటీ అయ్యాక చేద్దామనుకోకు, ఈ కాగితం మడిచేలోపే చెయ్యి. నా తరఫున క్షమాపణ అడగొద్దు, అది నేను వెళ్ళి అడుక్కోవాల్సింది. నువ్వు కథ అడుగు. ఆమె మొదలుపెట్టేదాకా ఫోను పెట్టకు. ఊ కొట్టు తల్లీ, ఇవాళే.

ఇట్లు,
నీ నాన్న,
జయరామయ్య