నేను వద్దన్న సీరియల్

4 మార్చి 2024

1977లో హార్‌గ్రీవ్ నాకు మాటిచ్చాడు. నువ్వు వద్దని రాస్తే ఆ సీరియల్ రాదు అన్నాడు. బ్రిటిష్ కమర్షియల్ టీవీని అదుపు చేసే ఆఫీసులో ఆయన నా బాస్. ప్రసారానికి ముందే టేపులు చూసి రిపోర్ట్ రాయడం నా పని. వద్దని రెండు పేజీలు రాశాను. రెండు నెలల్లో వచ్చేసింది. ఇండియన్ వేషంలో ముఖానికి నల్లరంగు పూసుకున్న తెల్లవాడు, తలపాగా, తల ఊపుడు. వెనక జనం నవ్వులు.

నా భార్య నాగేశ్వరి అప్పుడు బిస్కెట్ ఫ్యాక్టరీలో చేసేది. ఆమె కనబడగానే లైన్లో పనిచేసేవాళ్లంతా సీరియల్లో లాగే తలలూపేవారు. చీర కట్టడం మానేసింది. కిందటేడు పోయినప్పుడు నేనే కట్టించాను.

12 మార్చి, ఉదయం 11

ప్రణీత అనే అమ్మాయి వచ్చింది. మా ఆఫీసు చరిత్ర రాస్తోంది. హార్‌గ్రీవ్ మనవాళ్ల పక్షాన నిలబడ్డాడని ఆయన కూతురు చెప్పిందట. మీరొక పేరా ఇవ్వండి అంకుల్ అంది. చరిత్రలు చాలా చదివాను. చచ్చినవాళ్లకు బతికున్నవాళ్లు కొట్టే సున్నమే ఎక్కువ. ఇస్తానన్నాను. ఆర్కైవ్‌లో నా రిపోర్ట్ వెతకమన్నాను.

13 మార్చి

పేరా పద్నాలుగు పేజీలైంది.

14 మార్చి, గురువారం

గురువారాలు అమరేందర్ మా ఇంట్లోనే తింటాడు. నలభై ఏళ్ల పైమాట. వెంబ్లీలో మనవాళ్లకు పెద్దమనిషి. పేజీలు చదివి వినిపించాను. ఇడ్వకన్నా ఆ ముసలోణ్ణి, మంచిగ కడిగినవ్ అని పప్పు ఇంకాస్త వేసుకున్నాడు.

19 మార్చి

ప్రణీత స్కాన్లు తెచ్చింది. నా రెండు పేజీల కింద హార్‌గ్రీవ్ చేతిరాత: ఏకీభవిస్తున్నాను, ఆపాలి. తర్వాత ఇంకో కాగితం. ఆయన పైవాళ్లు వెంబ్లీ కౌన్సిల్ ద్వారా ఇండియన్ల అభిప్రాయం అడిగితే ఒకడు రాసిచ్చాడు. మావాళ్లు హాయిగా నవ్వుకుంటారు, అభ్యంతరం లేదు.

సంతకం అమరేందర్‌ది.

నలభై ఏడేళ్లు వేరే మనిషిని తిట్టుకున్నాను. హార్‌గ్రీవ్ కూడా పిరికివాడే. ఆపలేకపోయానని ఒక్క ముక్క చెప్పలేదు. 

21 మార్చి

అమరేందర్ వచ్చాడు. కాగితం ముందు పెట్టాను. చదివి కళ్లజోడు తీశాడు. గప్పుడు మన పండుగలకు కౌన్సిల్ హాల్ గావాలె గదన్నా, అడిగినోళ్లకు లేదంటే ఇస్తరా అన్నాడు. వదినకు గట్లయితదని నాకేమెరుక అన్నాడు. లేచేముందు, ఆ పిల్లకు జెప్పు, బుక్కుల నా పేరు రావద్దు, మనవళ్లు చదువుతరు అన్నాడు.

వాడి మనవళ్లు.

22 మార్చి

పద్నాలుగు పేజీలూ చింపేశాను. ఆ ఉత్తరం రాసినవాడి పేరు తీసెయ్యనా అంకుల్ అని ప్రణీత మెసేజ్ పెట్టింది. పూర్తిగా, పెద్ద అక్షరాల్లో వెయ్యమన్నాను.

అమరేందర్.