సౌమ్య ఆడని మ్యాచ్

శుక్రవారం రాత్రి, బర్కా, ఒమాన్

రాయకూడదనే అనుకున్నాను. కానీ నా రూమ్‌మేట్ మల్లేశం ఓవర్‌టైమ్ నుంచి వచ్చేలోగా ఈ భయాన్ని ఎక్కడో దించుకోవాలి.

డిగ్రీ కాలేజీల బాస్కెట్‌బాల్ సీజన్ మొదలైనప్పటి నుంచి వాడి కూతురు సౌమ్య మ్యాచ్‌లు రూమ్‌లో ఫోన్‌లో చూస్తున్నాం. డ్యూటీలో ఉన్న మల్లేశానికి నేను వాయిస్ మెసేజ్‌లలో ఆట చెబుతాను. బుర్రకథలు చెప్పే మేనమామ దగ్గర పెరిగానాయె, ఒక బంతి బుట్టలో పడితే నాలుగు ముచ్చట్లు కలుపుతాను.

ఈరోజు సెమీఫైనల్. "ఈ సీజన్ల సౌమ్యను మించినోళ్లు లేరు," అన్నాడు పక్క మంచం గంగారాం.

"నిజామాబాద్ పొడుగుపిల్లను జూసినవా? కండ్లకు గంతలు గట్టుకున్నవా?" అన్నాడు ఎదురు మంచం పోశెట్టి.

వాదన తెగకముందే సౌమ్య మోకాలు మెలిపడి కూలిపోయింది. స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. టీమ్ ఓడింది.

మల్లేశం అప్పుడు సైట్‌లో ఎత్తున స్కాఫోల్డింగ్ మీద ఉన్నాడు. వింటే కాలు జారుతుందేమో. అందుకే వాయిస్ మెసేజ్‌లలో, కోర్టులో లేని పిల్లను చివరిదాకా ఆడించి, గెలిపించాను. ఇప్పుడు ఏ నోటితో చెప్పను? ఆ మోకాలు మళ్లీ నిలబడుతుందా...

ఇంతవరకు రాసేసరికి మల్లేశం నవ్వుతూ వచ్చాడు.

"నీ ముచ్చట సైట్ల అందరికి ఇనిపిచ్చి ఇనిపిచ్చి ఫోన్ బందయింది కాకా. ఛార్జర్ ఇయ్యి, పిల్లకు ఫోన్ జెయ్యాలె."

ఛార్జర్ ఇచ్చాను.