దిండ్ల మధ్య మానిటర్

ఏమండీ, మీరు స్నానంలో ఉన్నారు, నాకు బస్సు టైమైంది. పాప ఇప్పుడే పడుకుంది. పాలు కాచి పెట్టాను, గోరువెచ్చగా చేసి పట్టండి. ఊపిరి తీసుకుంటోందా అని మధ్యమధ్యలో చూడండి. నేను నాలుగుసార్లు చూశాను.

కంప్యూటర్ ఆన్ చేసుకోవచ్చు, ఇక అరవదు. ఆన్ చేసిన ప్రతిసారీ సౌండ్ ఫుల్లుకి పోయి, మీరు తగ్గించేలోపే పాప ఉలిక్కిపడి లేస్తోంది కదా. "కంప్యూటర్‌లో లినక్స్ మొదలయ్యేటప్పుడు ఒక ఫైలు చదువుకుంటుందే, అందులో ఒక్క లైను రాస్తే చాలు, రేపు రాస్తాలే" అని నెల నుంచీ అంటున్నారు. ఆ లైను మీ నోటుబుక్కులో ఉంటే, అక్షరం అక్షరం చూసి పొద్దున నేనే కొట్టాను.

ఇప్పుడది కిక్కురుమనడం లేదు. కాకపోతే నోటుబుక్కులో దాని కింద ఉన్న లైను కూడా సౌండుదే అనుకుని కొట్టేశాను. అప్పట్నుంచి తెర మీద అన్నీ తలకిందులుగా వస్తున్నాయి. కంగారుపడకండి, మానిటర్‌నే తిరగేసి రెండు దిండ్ల మధ్య నిలబెట్టాను. చక్కగా కనిపిస్తోంది. నేనొచ్చేదాకా ఆ ఫైలు ముట్టుకోకండి. ఒకటి తీయబోయి రెండూ తీసేస్తారు, మళ్లీ అరుస్తుంది, పాప లేస్తుంది.

లేచినా సరే, మొన్నటిలా ఎత్తుకుని పరీక్ష హాలు గేటు దగ్గరికి రాకండి. చిన్నప్పుడు టెన్త్ సగంలో మానేశాను, ఇన్నేళ్లకి మళ్లీ కడితే మొన్న పాప ఏడుపు విని లెక్కల పేపరూ సగంలోనే వదిలేసి వచ్చాను. ఈరోజు చివరి బెల్లు కొట్టేదాకా కుర్చీలోంచి లేవను.

దిండ్లు చూసి నవ్వొస్తే వరండాలోకి వెళ్లి నవ్వండి.